పీచు దారి

అంబాజీపేటలో కొబ్బరి ధర పడిపోయిన సాయంత్రం
మిల్లు కట్టేసి, మెషీన్ల మీద పట్టా కప్పి,
నేనూ ఏసుబాబూ
పీచు చాప మీద ఆల్ప్స్ పరిచాం.
ఫ్యాను గాలికి స్విట్జర్లాండ్ లేచిపోకుండా
నాలుగు మూలలా నాలుగు కురిడీలు.

ఇరవై రెండేళ్ళుగా నా బండి నడుపుతున్నాడు.
వాడికి తెలిసిన ఎత్తల్లా బోడసకుర్రు వంతెన.
లోడుతో ఎక్కేటప్పుడు రెండో గేరు,
పైకెళ్ళాక వైనతేయ మీద గాలి,
అంతే, మళ్ళీ దిగుడు.
"ఇక్కడ రెండువేల నాలుగొందల మీటర్లంటండి"
ఫుర్కా మీద వేలు పెట్టి అన్నాడు,
"మన వంతెనలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే..."
లెక్క మధ్యలో వదిలేసి బీడీ తీశాడు.
మిల్లులో నిప్పు కూడదని
మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

దూరం కొలవడానికి స్కేలు పనికిరాలేదు.
లాగిన తాడులా పోయి
లాకు దగ్గర మాత్రం మెలిక తిరగడానికి
అవేం మా కాలవగట్లా?
పల్లాలమ్మ పేనిన సన్న దారం తెచ్చి
మలుపు మలుపుకీ గుండుసూది గుచ్చి చుట్టుకుంటూ పోయాం.
స్టెల్వియోకి నలభై ఎనిమిది మలుపులు.
ఇరవై ఏడో దాని దగ్గర సూదులైపోయాయి.
తలలోంచి పిన్నులు తీసిచ్చాను.
వాటిని హెయిర్‌పిన్ మలుపులనే అంటారని
తర్వాత చెప్పాడు, నవ్వకుండా.

కాకి లెక్కన చూస్తే జానెడు.
దారం విప్పి చాపితే మూడు బారలు,
గుమ్మం దాటి కల్లంలోకి పోయింది.

ఎప్పుడెళ్ళాలన్నది పెద్ద తగవు.
మేలో అక్కడి దారులు చాలామటుకు మూసే ఉంటాయట,
జూన్‌లో మంచు తోసి వదులుతారట.
ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది.
మాకూ వేసవిలో కాలవ కట్టేస్తారు,
అడుగున బురద పెచ్చులు లేచి
గుర్రపుడెక్క ఎండి కంపు కొడుతుంది.
తర్వాత ఒక ఉదయం ధవళేశ్వరం నుంచి
నురగతో, చెత్తతో, చచ్చిన పాముతో
నీళ్ళు దిగుతాయి.
జూన్ ఇరవై అని రాసుకున్నాం.

అందరూ చెప్పే సరస్సులు,
అద్దాల రైలు, మంచు గుహ
ఏసుబాబు ఒక్కొక్కటే చదివాడు.
నేను కొట్టించేశాను.
నాకు కావాల్సింది ఆస్ట్రియా వైపు ఒక రోడ్డు వార,
కిలోమీటరు రాయి తప్ప పేరు లేని చోటు.
ఎనిమిదేళ్ళ కిందట అక్కడ కొండ జారింది.
ఆ వాలు మీద పరిచిన వల నాది.
నలభై రెండు చుట్టలు.
పాయలో ఊరేసిన పీచు,
పన్నెండుమంది ఆడవాళ్ళ అరచేతులు గీసుకుపోయిన పీచు,
చిన్న గుట్ట కూడా ఎరగనిది
కాకినాడలో ఓడెక్కి వెళ్ళి
కొండని పట్టుకుంది.

"అయితే అది చూసొద్దామండి" అన్నాడు.
చూడ్డానికేం ఉండదు ఏసుబాబూ.
మూడేళ్ళు, మహా అయితే అయిదు,
పీచు కుళ్ళిపోతుంది.
అంతలోకి గడ్డి వేళ్ళు దిగి
మట్టిని వాటేసుకోవాలి.
అందుకే కొంటారు వాళ్ళు.
కుళ్ళనిదైతే మన దగ్గరెందుకు, ప్లాస్టిక్కే వేసుకుందురు.

వాడు చాలాసేపు మ్యాపు కేసి చూశాడు.
పొట్టు ఊడ్చి కుప్పేసి వచ్చిన పల్లాలమ్మ
మా సూదుల కొండల మీదకి వంగి
"ఎక్కడమ్మా మన గడ్డి?" అంది.
చూపించాను.
అక్కడ ఉత్త ఆకుపచ్చ రంగు.
బొటనవేలితో ఓసారి రాసి చూసింది,
తడుందేమో అన్నట్టు.

ఏసుబాబు చెవి మీది పెన్సిలు తీసి
ఆ ఆకుపచ్చ పక్కన, వంకర అక్షరాలతో,
"బండి ఆపాలి. టీ. పది నిమిషాలు" అని రాశాడు.
కాసేపాగి పదిని కొట్టేసి
ఇరవై చేశాడు.