ఆధారం అనే గడి

కంబాలకొండకి వయసు కట్టడం నా ఉద్యోగం.
పుట్టినరోజుల్లేవు దానికి,
కాలిన రోజులే ఉన్నాయి.
ఉపగ్రహం తీసిన ఫొటోల్లో
నల్లమచ్చ ఏ ఏడు పడిందో వెతుకుతాను,
అక్కణ్ణుంచి లెక్క.
రెండేళ్ళయితే మోకాలెత్తు బోదగడ్డి.
ఇంకొన్నాళ్ళకి మోడుల్లోంచి
మళ్ళీ తల ఎత్తిన తునికి, చండ్ర.
పదేళ్ళు దాటిన చోట
అడవి పిల్లి కూడా చప్పుడు కాకుండా నడవలేదు,
అంత ఎండుటాకు.

లేత వయసుకి పసుపు వేస్తాను, ముదిరేకొద్దీ ఎరుపు.
ఎరుపంటే మంట కాదు,
మంట కోసం కూడబెట్టిన కట్టెలు.

ఫిబ్రవరి చివర్లో పటం పట్టుకుని కొండెక్కాను.
ముందు అసిరిపోలు, ఫైర్ వాచరు.
నలభై మూడో గడి దగ్గర ఆగి
"పదకొండేళ్ళుగా ఇక్కడ కాలలేదు" అన్నాను.
ఆయన అవుననలేదు, కాదనలేదు.
కర్రతో ఆకులు తవ్వాడు.
నిన్నటి ఆకు, నిరుటి ఆకు,
చెదలు జల్లెడ చేసిన ఆకు,
దాని కింద చల్లటి మట్టి,
మట్టిలో బొగ్గు.

"అయిదేళ్ళమ్మా. నానే ఆర్పినాను.
తేనికొచ్చిన గుంటడు పొగెట్టినాడు.
ఆడి మీద కేసవుద్దని రాయించనేదు.
రెండెకరాలు.
మీ పైనున్నదాని కంటికి ఆననేదేమో."

చొక్కా చెయ్యి మడిచాడు.
మోచేతి మీద మచ్చ.
కొత్త చర్మం
పాత చర్మంతో ఇంకా రాజీ పడలేదు.

కింద పీఎం పాలెం వైపు
అపార్ట్‌మెంట్లు బట్టలారేసుకున్నాయి.
వాటి వెనకే నా పటంలోకెల్లా ఎర్రటి వాలు,
బయటికి మాత్రం ఎంత పచ్చనో.
హుద్‌హుద్ పడగొట్టిన మానులు
లంటానా దుప్పటి కింద ఎండుతూనే ఉన్నాయి.
ఏదో బాల్కనీలోంచి ఒకామె
కొండకేసి ఫోనెత్తి ఫొటో తీసుకుంటోంది.
"పడమటి గాలి మళ్ళిందంటే," అన్నాడు అసిరిపోలు.
మిగతా మాట అనలేదు.

సాయంత్రం ఆఫీసులో
పదకొండు కొట్టేసి అయిదు వేశాను.
ఎరుపు నారింజకి దిగింది.
పక్కనే 'ఆధారం' అనే గడి, ఖాళీగా.
ఉపగ్రహం పేరు రాయాల్సిన చోటు అది.
తేనె గుంటడి ఊసెత్తకుండా
రాశాను:
అసిరిపోలు, కుడి మోచెయ్యి.