అయిదో డబ్బా

కోడి కూయకముందే దేవనూరు దిక్కు నుంచి
ఇనుపరాతి గట్టు ఎక్కిన.
సంచిల అయిదు డబ్బాలు, టార్చిలైటు, బిస్కెట్ పుడ.
ఒకటి తుమ్మపొదల,
ఒకటి ఎండిన ఒర్రె మోరీల.
ఏరియల్ తీగను సీతాఫలం కొమ్మకు చుడుతుంటే
చేతినిండ మంచు, చీమలు.

దాచుడంటే మాయం చేసుడు కాదు.
అయిదు నిమిషాలల్ల ఒక్క నిమిషం
ప్రతి డబ్బా తన వంతుకు కూస్తది,
చెవికి కాదు, రేడియోకు:
రెండు గీతలు, మూడు గీతలు, ఆపైన చుక్కలు.
ఎన్ని చుక్కలో అన్నో నంబరు.

గుండ్లు అబద్ధమాడుతయని ఎరుకే.
కూత రాతికి తాకి మర్రి
లేని దిక్కు చూపిస్తది.
అందుకే అయిదోదాన్ని రెండు గుండ్ల సందున పెట్టిన,
కొంచెం దుర్బుద్ధితోనే.

పదింటికి పిలగాండ్లొచ్చిండ్రు,
కొలతటేపు ముక్కలతో కట్టిన యాంటెన్నాలు తిప్పుకుంట.
అందరు గట్టు మీదికి ఉరికితే
నస్రీన్ ఒక్కతే కింద వాగు దిక్కు తిరిగి నిలవడ్డది.
"రాయి మాట నమ్మినవ్ బిడ్డా" అని నవ్విన.
మ్యాపు నా జేబులనే ఉండె మరి.

మాపటికి నాలుగే దొరికినయి.
గుండ్ల సందున చెయ్యి పెడితే
ఒట్టి ఆకులు.

మేకలను మలుపుకుంట కొమురక్క అడిగింది:
"ఎర్రగ మిణికే డబ్బా నీదేనా సారూ?
మొగులు పట్టింది, తడుస్తదని
వాగొడ్డు రేకుల కొట్టంల పెట్టిన."

నస్రీన్ ఏమనలే.
హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టింది.
చుక్క, చుక్క, చుక్క, చుక్క,
చుక్క.