సడలింపు

పందొమ్మిదో రోజు.
పాల వ్యానుని నయాపూల్ మీద ఆపేశారని
కబురొచ్చేసరికి
కాలిన గాయాల వార్డులో పదకొండు మందీ మేలుకునే ఉన్నారు.

ఒక్కొక్కరికి రోజుకి మూడువేల కేలరీలు.
కాగితం మీద నా చేతిరాత అలాగే ఉంది, గుండ్రంగా.
స్టోర్లో కోడిగుడ్లు ముప్ఫై ఒకటి.
పుట్నాలు సగం బస్తా.
నూనె, డబ్బా అడుగున రెండు వేళ్ళ ఎత్తు.

పుట్నాలు పొడి కొట్టించి బెల్లం కలిపించాను.
పల్లీలు వేగుతున్న వాసన
మార్చురీ మెట్ల దాకా పోయింది.
ఖాసిం భాయ్ డేక్సా అంచుని గరిటెతో మోగించి
"మేడం, ఇది దవాఖాన కిచిడీయా, పెండ్లి కిచిడీయా?" అన్నాడు.
ఎవరం నవ్వలేదు.
చాలాసేపటికి, ఉల్లిగడ్డలు తరుగుతూ
పోశవ్వ ఒక్కతే నవ్వింది.

పన్నెండో మంచం కుర్రాడి దవడకి తీగలు చుట్టారు.
వాడికి అన్నీ గొట్టంలోంచే.
పక్కన పదమూడు.
పదమూడు వాళ్ళ గల్లీవాళ్ళే పన్నెండుని కొట్టారని
నర్సు నా చెవిలో చెప్పింది.
పదమూడుకి కిడ్నీ జబ్బు, ఉప్పు తగ్గించాలి.
ఆ పూట గరిటె బరువనిపించింది.
ఉప్పు మాత్రం సరిగ్గానే కొలిచాను.
అంతకంటే మంచిదాన్నని చెప్పుకోలేను.

నుజ్హత్ ఇల్లు యాకుత్‌పురా.
మామూలు రోజుల్లో ఆటోలో ఇరవై నిమిషాలు.
తొమ్మిది రాత్రులుగా స్టోర్లో బియ్యం బస్తాల మీదే నిద్ర,
తెల్లారి లేస్తే చెంప మీద గోనె అల్లిక అచ్చు.
వాళ్ళింటి ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు.
ఐదుసార్లు చేసి, వచ్చి, త్రాసు ముందు నిలబడి
"ఆరో వార్డుకి రాగిజావ ఎన్ని గ్లాసులు?" అంటుంది.
నేను అంకె చెబుతాను.
ఇంకేం అడగాలో నా చదువులో లేదు.

రెండు గంటలకోసారి, కొంచెం కొంచెంగా
తినాలని రోగులకి చెబుతుంటాను.
నిన్న నేను తిన్నది
రుచి చూసిన చెంచాలు. నాలుగో, ఐదో.
చీరకి కుచ్చిళ్ళు రెండు ఎక్కువ పడుతున్నాయి.

మధ్యాహ్నం సంతకానికి వచ్చిన డైట్ షీట్ల కట్టలో
ఒకటి వేరే చేతిరాత.
తెలుగు అక్షరాలు కుడి నుంచి ఎడమకి
వాలిపోతున్నట్టున్నాయి.

పేరు: సువర్చల మేడం. మంచం: లేదు.
ఆహారం: గట్టిది. ఉప్పు: ఉండాలె.
వేళ: సడలింపు.
కింద ఇంకో వరస: నుజ్హత్ బేటీ. అదే.
గమనిక గడిలో:
ఒక్కలకే పెట్టొద్దు.

నాలుగింటికి మైకు జీపు వచ్చింది.
ఆరు దాకా సడలింపు, మా వైపే. యాకుత్‌పురాకి లేదు.
జనం కూరగాయలకి పరుగెడుతుంటే
మేం నలుగురం వంటగది వెనక, మూసీ వైపు గోడ నీడలో,
ఖాళీ గోనెలు పరుచుకుని కూర్చున్నాం.
జొన్నరొట్టె, పచ్చిపులుసు.
మొదటి ముద్దకి దవడ నొప్పెట్టింది.
ఇన్నాళ్ళూ పళ్ళు బిగబట్టుకునే ఉన్నానని
అప్పుడు తెలిసింది.

నుజ్హత్ రెండో రొట్టె సగం తిని,
"తొక్కు ఉందా?" అంది.
పోశవ్వ ఎంగిలి చేత్తోనే లేచి ఉరికింది.

ఆరు కావస్తోంది.
నుజ్హత్ కంచం పక్కన పెట్టి
ఆరోసారి ఫోను దగ్గరికి వెళ్ళింది.
కిటికీ తెరిచే ఉంది.
చేతులు ఎండిపోతున్నా కడుక్కోకుండా
మేం అలాగే కూర్చున్నాం,
డయల్ తిరిగి తిరిగి వెనక్కొచ్చే చప్పుడు
వింటూ.