రెండు వేళ్లు కిందికి

మూసాపేటల మా షెడ్డు ముందు ఆగింది ఎర్ర బండి,
రెండు తలుపులది, పదమూడేండ్ల పాతది.
చెప్పు కిందికి జారితే
కట్టె పెట్టి గుంజాల్సినంత కిందికి ఉన్నది.
రుత్విక్ దిగలేదు,
అందుల నుంచి పాక్కుంట బయటపడ్డడు.
"స్ప్రింగులు మార్పించిన అక్కా, అంతే" అన్నడు.

అంతే అన్న కాడనే
నా పని మొదలయితది.

టైరు మీద అరచెయ్యి పెట్టి తడిమిన.
బయటి అంచు కొత్త పెండ్లికొడుకు,
లోపలి అంచు బోడిగుండు.
తీగ తేలింది, వేలికి గుచ్చుకుంది.
ఆర్నెల్లు ఔటర్ మీద
మూడు వేళ్ల రబ్బరును నమ్ముకొని ఉరికిండు పిల్లగాడు.
ఆయుష్షు గట్టిది అనుకున్న.
పైకి అనలే.

చూడు తమ్మీ,
బండిని దించుడంటే కుర్చీ కాళ్లు కోసుడు కాదు.
చక్రాన్ని పట్టుకున్న చేతులు చానా ఉంటయి,
అన్నీ ఒక ఎత్తుకు అలవాటు పడ్డయి.
నువ్వు రెండు వేళ్లు దించితివి,
వాటికి చెప్పకపోతివి.
గందుకే చక్రాలు తలలు లోపలికి వాల్చి
మోకాళ్లు ఒరుసుకునే మనిషి లెక్క నిలబడ్డయి.

ఖలీల్ చాచా బేరింగు డబ్బా అట్ట చింపి
ఉర్దూల రాసిండు, నేను తెలుగుల చదివిన.
కాంబర్ బోల్టులు, వెనకకు టో ఆర్ములు,
ఉన్న బంప్ స్టాపులు పొడుగైనయి, కురచవి కావాలె.
పొడుగు బాల్ జాయింట్లు రాణీగంజ్‌ల దొరకవు,
దొరుకుతయి అన్నోన్ని నమ్మకు.
లింకు రాడ్డు సంగతి చివరికి యాదికొచ్చింది చాచాకు,
అట్ట మీద జాగ లేదు, అరచేతిల రాసుకున్నడు.

పదకొండు రోజులకు సామాన్లు వచ్చినయి.
లిఫ్టు మీద బండి, కాళ్లు వేలాడేసుకొని.
నేను బుష్ బోల్టుకు పానా తగిలించంగనే
కింద నుంచి కేక:
"హవా మే నక్కో కసో!"
గాలిల ఉన్నప్పుడు బిగిస్తే
రబ్బరుకు గాలే యాదుంటది,
నేల మీదికి దిగినంక జీవితాంతం మెలిపడి ఉంటది.
దించి, బరువు పడనిచ్చి, అప్పుడు బిగించు.
నాకు ఇరవై రెండేండ్లప్పుడు చెప్పిన మాట,
ఇంకా మరుస్తుంటనే.

అలైన్‌మెంటుకు మనిషి బరువు సీట్ల ఉండాలె.
కూసోమంటే కూసోడు రుత్విక్,
ఫోను, సిగరెట్టు, మల్ల ఫోను.
"ఎంతుంటవ్?"
"అరవై నాలుగు."
పొద్దున ఇంటికని కొన్న బియ్యం ఉన్నయి షెడ్డుల,
పాతిక కిలోల మూటలు రెండు,
ఒక పాత బ్యాటరీ పద్నాలుగు.
సీట్ల పెట్టి బెల్టు కట్టిన.

అద్దంల నుంచి చూసి
సిగరెట్టు పారేసిండు.
"అది నేనా?"
"నువ్వే. నీకన్న నయం, కదలదు."

తెర మీద ఎర్రంకెలు.
కాంబర్ రెండున్నర లోపలికి, టో అయితే అడగొద్దు.
రాడ్డును పావు మలుపు తిప్పితే
అంకె కొంచెం సిగ్గుపడుతది,
మల్ల పావు.
కుడి వెనక చక్రం మొండిది,
దాన్ని బతిమాలుతుంటే ఆజాన్ అయింది, చాచా పోయి వచ్చిండు,
అప్పుడు పచ్చబడ్డది.

"పక్కన ఎవరన్న కూసుంటే, అక్కా?"
ఎవరో ఉన్నట్టున్నరు, నేను అడగలే.
మూటలు పక్క సీట్లకు మార్చి
ఇంకోసారి చూసి చూపించిన.

గల్లీ చివర రాత్రికి రాత్రి పుట్టిన స్పీడ్ బ్రేకరు,
రంగు లేదు, గుర్తు లేదు.
నిన్నటి రుత్విక్ అయితే తిట్టేటోడు.
బండిని ఏటవాలు తిప్పి
ఒక్కో చక్రం ఎక్కించిండు,
ఒక్కో చక్రం దించిండు,
అడుగు తగలలే.

తొమ్మిదింటికి ఫోను.
"అక్కా, మెహదీపట్నం దాటిన,
ఎడమకు గుంజుతున్నది కొంచెం."
"పక్క సీట్ల ఏమున్నది?"

చానా సేపు ఇండికేటరు చప్పుడు.

"బియ్యం."

ఎసరు మరుగుతున్నది తమ్మీ,
తిప్పుకొని రా.
మెల్లగ.