ఏం కూర?

పై ఆఫీసు నుంచి వచ్చిన ఫారంల మూడే గడులు:
పాఠం చూసిండా. చూడలేదా. కారణం.
నాకు పదిహేడు మందిని అప్పజెప్పిన్రు,
ఎనిమిదో తరగతి, బి సెక్షన్,
నర్సంపేట అవతల మూడు ఊర్ల పిల్లలు.

మొదట్ల నేను గూడ అట్లనే అడిగిన.
"టీవీల పాఠం చూసినవా?"
"చూసిన సార్."
"అర్థమైందా?"
"అయింది సార్."
ఆ 'అయింది'కి అడుగు లేదు,
రాయి వేస్తే చప్పుడు రాని బాయి అది.

ఒకనాడు ఏం తోచక అడిగిన:
"ఏం కూర్రా ఇయ్యాల?"
ఓంకార్ నవ్విండు.
నెల దినాలల్ల ఫోన్‌ల విన్న మొదటి నవ్వు.
"పుంటికూర సార్. నిన్న అదే. మొన్న అదే.
రేపు గూడ అదేనంటాంది మా అమ్మ."
ఇగ ఆగలే వాడు.
ఎనుమాములల హమాలి పని పోయినంక
నాయిన గోడ దిక్కు మర్రి పండుకుంటాండని,
అన్నకూ తనకూ ఒక్కటే ఫోను, అది గూడ పలిగిందని,
రాత్రి రెండు దాకా కండ్లు మూతపడుతలేవని.
గుణిజాలు, కారణాంకాల నడుమ ఎన్నడూ చెప్పనియి
పుంటికూర ఎంబడి వచ్చినయి.

అప్పటి సంది నా నోటుబుక్కుల ఇంకో గడి గీసుకున్న,
ఎవ్వలకూ పంపనిది.

కౌసర్: కోడిగుడ్డు. గొంతు దిగింది. రేపు ముందుగాల ఈమెకే చెయ్యాలె.
తిరుమలేశ్: పత్తి ఏరవోయిండు. చేన్లనే సద్ది, మామిడి తొక్కు.
వేళ్ళు చీరుకపోయినయి గాని మనసు మంచిగనే ఉందట,
దోస్తులంత అక్కడ్నే ఉన్నరు గద.
మేఘమాల: వండలే. అమ్మ మంచం దిగుతలేదు.
ఆ పొద్దు అంగన్‌వాడి సూరమ్మకు ఫోన్ చేసిన.
మాస్కు మీదికెల్లి కొంగు కప్పుకొని
గంజు నిండ అన్నం పట్టుకపోయింది.

"నువ్వు సారువా, హోటల్ సర్వరువా?"
అన్నది మా ఆమె.

దూడపాక నవత ఒక్కతే పలకది.
వరంగల్ దవాఖానకు పోయిన నాయిన
మూట లెక్క వచ్చిండు, దూరంకెల్లే పోయిండు.
ముఖం చూడనియ్యలే.
ఫోన్ ఎత్తుతది. ఊపిరి వినబడుతది.
కోడిపిల్లలు. యాడ్నో ట్రాక్టరు.
గిలాస కింద పెట్టిన చప్పుడు.
నా కూరలే నేను చెప్పుకునేది:
"ఆలుగడ్డ. నేనే వండిన. మాడింది."
నిమిషం ఉండి పెట్టేస్తుండె.
ఆ నిమిషం మాత్రం ఉండేది.
ఇరవై ఆరు దినాలు
బీరకాయ, సోరకాయ, ఉల్లికారం, ఉత్త చారు.
ఒక్క లెక్క చెప్పలే ఆ పిల్లకు.

ఇరవై ఏడో దినం నాకే జ్వరం.
వెనుక అర్రల ఒక్కణ్ని.
నాలిక మీద ఉప్పు లేదు, కారం లేదు.
ఎవ్వలకూ ఫోన్ చెయ్యలే.
ఏడు దాటింది. ఏడున్నర.
మోగింది.

"సార్."
చాలాసేపు ఇంకేం లేదు.
"మీరు చెయ్యలే."
"వాసన తెలుస్తలేదు బిడ్డా,
ఏం కూరనో చెప్పరాలే."
"మా నాయినకు గూడ
ముందుగాల అట్లనే అయింది సార్."

దీనికి జవాబు
నేను కూసున్న ఏ ట్రైనింగుల చెప్పలే.
ధైర్యం చెప్పాలె గద, సారును గద.
"భయమైతాంది నవతా" అన్న.
"నాగ్గూడ" అన్నది.
లైను కొయ్యకుండ ఇద్దరం అట్లనే ఉన్నం.
కోడిపిల్లలు. ట్రాక్టరు.
నా దగ్గు.
ఆమె ఏడ్చింది, మొదటిసారి, గట్టిగ,
నేను ఆగుమనలే.

తెల్లారి ఏడింటికి తనే చేసింది.
"చిక్కుడుకాయ సార్. మంచిగ కాలే."

నెలాఖరుకు లేచి కూసొని ఫారం నింపిన.
దూడపాక నవత. పాఠం: చూడలేదు.
కారణం గడి శాన చిన్నది.
'చిక్కుడుకాయ' అని రాసి
కొట్టేసిన.