అరవై ఒకటో గడి

వయోలాల వరసలో మూడో కుర్చీ నాది,
ఇరవై రెండేళ్ళుగా.
నా వెనక రెండో బసూన్, లుబోర్.
మధ్యలో గజం ఖాళీ,
తొమ్మిదేళ్ళ మాటల్లేనితనం.

గొడవ ఒక్క స్వరం గురించి.
నూట నలభై ఏళ్ళ కిందట
ఈ ఒలొమోత్స్‌లోనే ఒక పోస్టాఫీసు గుమాస్తా
ఉత్తరాల సంచుల మధ్య రాసుకున్న సింఫనీ.
నెమ్మదిగా నడిచే రెండో భాగం, అరవై ఒకటో గడి.
నా కాగితం మీద డి ఫ్లాట్,
లుబోర్ కాగితం మీద సి షార్ప్.
పియానో మీద రెండూ ఒకే నల్ల మీట.
మాకు కాదు.
నేను వేలు గోరంత వెనక్కి లాగుతాను,
అతను పెదవి బిగించి పైకి నెడతాడు.
ఆ సందులో గాజుసీసాలో పడ్డ ఈగలా ఒక జుమ్ము.

ప్రతిసారీ కండక్టర్ కర్ర దించి
"అరవై ఒకటిలో ఎవరో అపశ్రుతి" అంటాడు.
నేను నా బిరడా చూసుకుంటాను.
లుబోర్ తన రీడు చూసుకుంటాడు.

నాదే ఒప్పని తేల్చుకోడానికే
గురువారం సాయంత్రాలు వ్రబ్కోవా గారింటికి వెళ్ళాను.
డెబ్భై తొమ్మిదేళ్ళు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
స్కోరు మీద రొట్టె మీది గసగసాలు రాలితే
ఉఫ్‌మని ఊది,
"ఇవి స్టకాటో చుక్కలు కావు, వాయించకు" అంటుంది.

"ముందు అడుగున ఏముందో చూడు."
ఇ ఫ్లాట్. దాని మీద జి, బి ఫ్లాట్,
ఆ పైన నా డి ఫ్లాట్.
"ఎ ఫ్లాట్ ఇంటి గడప ముందు చెప్పులు విడుస్తున్న కార్డ్ ఇది.
నీ స్వరం ఒక మెట్టు దిగాలి, సి లోకి."
"నేనంటున్నదీ అదే," అన్నాను, అప్పుడే గెలిచేసి.

ఆమె పెన్సిల్ మొద్దు చివరతో బసూన్ వరస తట్టింది.
"ఇక్కణ్ణించి చదివితే ఆ ఇల్లే లేదు.
జి మైనర్‌కి పోయే దారి. జర్మన్ సిక్స్త్.
ఈ సి షార్ప్ ఎక్కాలి, డి లోకి."

తప్పెవరిది మరి?
టీ వంచుతూ చెప్పింది:
"పెళ్ళికి ముందు నేను హోర్నిచ్కోవాని.
ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే
ఇప్పటికీ బడి ఎగ్గొట్టి నది కేసి పరిగెత్తబుద్ధవుతుంది.
వ్రబ్కోవా అంటే
కరెంటు బిల్లు గుర్తొస్తుంది."

పేజీ తిప్పమంది.
అరవై రెండు. ఇన్నేళ్ళూ
నా ఒక్క వరసే తప్ప నిలువునా చూడని గడి.
బేస్‌లు డికి జారాయి,
రెండో వయొలిన్లు ఎఫ్ షార్ప్‌కి, క్లారినెట్ ఎకి.
("జంట పంచమాలు! పరీక్షలో సున్నా వేసేదాన్ని,"
అని మనవణ్ణి తిట్టినట్టు తిట్టింది.)
నేను సికి దిగాను.
లుబోర్ డికి ఎక్కాడు.
డి, ఎఫ్ షార్ప్, ఎ, సి.
ఇద్దరికీ చోటుంది.

ఊరుకోబుద్ధి కాలేదు.
"డి బేస్‌ల దగ్గర ఎలాగూ ఉందిగా,
లుబోర్ లేకపోయినా నడుస్తుంది."
"నడుస్తుంది. ఎక్కడం ఉండదు."

గుమాస్తా పొరపాటు పడ్డాడేమో?
"పోస్టాఫీసు మనిషి. ఒకే ఉత్తరానికి
రెండు చిరునామాలు ఊరికే రాస్తాడా?
ఏమో, ఆ రోజు జ్వరమేమో."

అరవై మూడులో జి మైనర్ రాదు.
అందరం వాకిట్లో నిలబడి ఉండగా
ఒక్క ఓబో, అదీ వేరే ఏదో ఆలోచిస్తూ.
దాని కింద ఏ అంకె వెయ్యాలని అడిగాను.
ఆమె పెన్సిల్ చెక్కుకుంటూ ఉండిపోయింది.

ఇవాళ రిహార్సల్.
ముందుగా వచ్చి, దొంగలా, లుబోర్ స్టాండు చూశాను.
సి షార్ప్ మీద పైకి ఒక బాణం,
కాగితం చిరిగేంతగా దిద్ది దిద్ది.
నా దాని మీదా ఉంది, కిందికి.

అరవై ఒకటి. కర్ర దిగింది.
"ఎవరో..."
చెయ్యెత్తాను.
లుబోర్ బసూన్ విప్పి తలకిందులు చేసి
లోపల చేరిన నీళ్ళు ఒంపుకుంటున్నాడు.