నో డ్యూ

రిలీవింగ్ ఆర్డరుకి స్టోరు సంతకం కావాలి.
అది నాది.

చెదలు కొట్టిన రిజిస్టరు తీశాను.
లారింగోస్కోపు ఒకటి, అప్పజెప్పారు.
అంబూ బ్యాగులు రెండు. ఒకటి చిరుగు, వచ్చినప్పుడే చిరుగు.
క్వార్టరు తాళంచెవి, కొబ్బరిపీచు తాడు కట్టి.
టార్చిలైటు.
దాన్ని బల్ల మీద పెట్టేటప్పుడు మాత్రం
హెప్సిబా మేడంగారి చెయ్యి కాస్త ఆగింది.

తుఫాను రాత్రి, జనరేటర్లో డీజిలు లేక
లంకలోంచి పడవ మీద తెచ్చిన పిల్లకి
ఆ వెలుతురులోనే మత్తిచ్చారు.
టార్చి పట్టింది నేను, స్టోరు కీపర్ని.
బిడ్డ ఏడ్చాక కూడా నా చెయ్యి దిగలేదు.
ఆవిడే వేళ్లు విడదీశారు, ఒక్కొక్కటీ.

ఎందుకెళ్తున్నారంటే మనిషికో జవాబు.
సూపరింటెండెంటు గారికి పాప చదువన్నారు.
హెడ్ నర్సు సత్యవేణికి లోనన్నారు.
ఊళ్లోవాళ్లు డబ్బన్నారు. ఐదు నెలల జీతం రాని మనిషి
కాదని ఎందుకంటారు?
నాతో అన్నది వేరు.
"ఐర్లాండులో మత్తు డాక్టరు మత్తిస్తే చాలట, నూకరాజు గారూ.
రక్తం కోసం అమలాపురం ఫోన్లు చెయ్యక్కర్లేదట.
రేవులో నిలబడి పంటువాణ్ణి బతిమాలక్కర్లేదట."
కాసేపాగి,
"నిద్రపోతే నిద్రేనట," అన్నారు.

చివరి పేజీలో ఇంకో పద్దుంది, నా చేతిరాతే.
కిటికీ అద్దం, ఒకటి, పగిలినది.
దింపుకెక్కి మొవ్వు దగ్గర జారిపడ్డ కుర్రాడు,
తెచ్చేసరికే చల్లబడిపోయాడు.
తెచ్చినవాళ్లు రాయి విసిరారు.
వాళ్లలో మా బావమరిది ఉన్నాడు.
ఎవరి గది అద్దమో వాళ్ల పేరన రాయాలండి, రూలు.
రాశాను. మూడొందల నలభై.

ఆవిడ చదివారు.
జుట్టు కింద నుదుటి మీద రెండు కుట్ల గీతుంది,
అక్కడికి చెయ్యి వెళ్లి, వెనక్కొచ్చింది.
నాలుగొందలిచ్చారు. రసీదు అడిగారు.
వద్దులెండి అంటానని చూశారేమో.
నేను రసీదు రాశాను.
చిల్లర లేదన్నాను.

"సంస్థకు వీరు బాకీ లేరు."
అచ్చుకాగితం మీద ఆ ఒక్క వరసే ఉంటుంది,
కింద నా సంతకానికి చోటు.

వారం తిరక్కుండా, కళ్లంలో పడుకున్నవాణ్ణి
కట్లపాము కరిచిందని తెచ్చారు.
రెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది.
గొంతులో గొట్టం వేసే చెయ్యి లేదు.
సాధనం ఉంది, బీరువాలో, నా లెక్క ప్రకారం సరిగ్గా.
అంబులెన్సు రేవుకి పోయింది.
పంటు అవతలొడ్డున ఉందట.

స్టోరులో చీకటిగా ఉంటే టార్చి వేశాను.
ఎదురు గోడంతా తెల్లగా వెలిగిపోయింది.
వెళ్లేముందు ఆవిడ
కొత్త బ్యాటరీలు వేసి ఇచ్చినట్టున్నారు.
అవి రిజిస్టర్లో ఎక్కడా లేవు.